గ్రంథాలయ వారోత్సవాల్లో ఓపెన్ సోర్స్ బల్ల పెడుతున్నాం, అనుభవం ఉన్నవాళ్ళు సలహా చెప్పండి

గ్రంథాలయం మెట్లు
21 అక్టోబర్ 2025

అందరికీ నమస్కారం. నేను గుంటూరు జిల్లాలో ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేస్తాను. ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదా. పిల్లలకు వ్యాసరచన, చిత్రలేఖనం, పాటల పోటీలు పెడతాం, చివరి రోజు బహుమతులు ఇస్తాం. ఈసారి వరండాలో ఒక బల్ల ఓపెన్ సోర్స్ (ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల సాఫ్ట్‌వేర్) కోసం ఇవ్వమని అడిగాను, ఒప్పుకున్నారు.

ఎందుకు అడిగానంటే, మా దగ్గర మూడు పాత కంప్యూటర్లున్నాయి. మూడింట్లోనూ విండోస్ 10. అక్టోబర్ 14తో దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. 11 ఎక్కిద్దామంటే ప్రాసెసర్ పాతదని ఒప్పుకోవడం లేదు. పక్క ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాడొకడు ఒకదానిలో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇచ్చాడు. పొద్దున్నే పేపర్ చదవడానికి వచ్చే పెద్దాయన ఒకరు ఇప్పుడు దాని మీద కూర్చుని తన వ్యాసాలు తెలుగులో టైపు చేసుకుంటున్నారు. ఆరేళ్ళుగా ఆయన అవి చేత్తో రాసి డీటీపీ షాపులో ఇచ్చేవారు. ఆయన్ని చూశాక ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలియాలనిపించింది.

నాతో ఇద్దరు వాలంటీర్లు ఉంటారు. ఖర్చుకి మూడు వేలు. బల్ల మీద ఏం పెట్టాలి, వచ్చినవాళ్ళతో ఏం మాట్లాడాలి, కరపత్రం వేయించాలా? నేనెప్పుడూ ఇలాంటిది చేయలేదు.

తెవికీ బాటసారి
21 అక్టోబర్ 2025

చాలా సంతోషమండీ. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో తెలుగు వికీపీడియా స్టాల్లో నేను రెండుసార్లు కూర్చున్నాను. నిజానికి కూర్చోవడమే నా మొదటి తప్పు. బల్ల వెనక ఇద్దరు కుర్చీల్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటుంటే జనం ఆగరు. బల్లని గోడకి ఆనించి, మీరు దాని ముందు పక్కగా నిలబడండి. కుర్చీ వచ్చినవాళ్ళకు వెయ్యండి, కంప్యూటర్ తెర కూడా వాళ్ళవైపే తిప్పండి.

మాట ఎలా మొదలుపెట్టాలన్నది పెద్ద విషయం. మేము మొదటి రోజు "వికీపీడియా 2001లో మొదలైంది, తెలుగులో 2003 డిసెంబరులో..." అని చరిత్ర చెప్పాం. రెండు వాక్యాలయ్యేసరికి మనిషి చూపు పక్క స్టాలు మీదికి వెళ్ళిపోయేది. రెండో రోజు ఒక పెద్దాయన సలహాతో "మీదే ఊరండీ?" అని అడగడం మొదలుపెట్టాం. తెలుగు రాష్ట్రాల్లో చాలా గ్రామాలకు తెవికీలో పేజీలున్నాయి. ఆ ఊరి పేజీ తెరిచి చూపిస్తే మనిషి వంగి చదువుతారు. చదివి "ఇది తప్పు, మా ఊళ్ళో ఇప్పుడు హైస్కూలుంది" అంటారు. అప్పుడు "సవరించు" అనే మీట చూపించి, మీరే మార్చండి అని పక్కకి జరగాలి. నేను చూసినంతలో, తన చేత్తో ఒక్క వాక్యం మార్చిన మనిషికి ఓపెన్ అంటే ఏమిటో మళ్ళీ చెప్పనక్కర్లేదు.

ఒక జాగ్రత్త. అక్కడికక్కడే అందరి చేత ఖాతాలు తెరిపిస్తే, ఒకే ఐపీ చిరునామా (నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు) నుంచి రోజుకి ఆరు ఖాతాలు దాటితే వికీపీడియా ఒప్పుకోదు. మేము ఏడో మనిషి దగ్గర ఆగిపోయి, ఎందుకు ఆగిందో తెలియక పది నిమిషాలు కంగారు పడ్డాం. కార్యక్రమం ఉందని వికీమీడియా సాంకేతిక బృందానికి కొన్ని రోజుల ముందే చెబితే ఆ రోజులకి పరిమితి పెంచుతారు. ఆ అభ్యర్థన నేను పెడతాను, మీ గ్రంథాలయం నెట్ కనెక్షన్ ఐపీ మాత్రం నాకు సందేశంలో పంపండి.

థర్డియర్ సీఎస్ఈ
22 అక్టోబర్ 2025

మేడమ్, సూపర్ ఐడియా! మా కాలేజీ టెక్ ఫెస్ట్‌లో మేం పెట్టాం. నా సలహా ఏంటంటే స్పాట్ ఇన్‌స్టలేషన్ పెట్టండి. "మీ లాప్‌టాప్ తెండి, అరగంటలో లినక్స్ వేసి ఇస్తాం" అని పెద్ద ఫ్లెక్సీ కడితే జనం విరగబడి వస్తారు. "విండోస్ 10 చచ్చిపోయింది, మీ డేటా ప్రమాదంలో ఉంది" అని పోస్టర్ వేస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. నేను వచ్చి రెండు రోజులు హెల్ప్ చేస్తాను, మాది నరసరావుపేటే.

కోనసీమ కొబ్బరాకు
23 అక్టోబర్ 2025

తమ్ముడూ, సాయం చేస్తానన్న నీ మనసు మంచిదే. కానీ ఆ రెండు పనులూ వద్దు. నేను పదిహేనేళ్ళుగా లాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. షాపులో అయితే ముందు డేటా బ్యాకప్ తీస్తాం, సంతకం పెట్టించుకుంటాం. అయినా "మా అమ్మాయి పెళ్ళి ఫొటోలు కనపడట్లేదు" అని ఒకాయన వచ్చి నిలబడ్డ రోజు నాకింకా గుర్తుంది. అవి దొరికాయి, కానీ దొరికేదాకా రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. వరండాలో, పిల్లల పాటల పోటీ మధ్య, అరగంటలో ఆ పని చెయ్యకూడదు.

అమ్మా, మీరు చెయ్యాల్సింది లైవ్‌లో చూపించడం. పెన్‌డ్రైవ్ నుంచి మింట్ నడిపించండి, హార్డ్‌డిస్క్ జోలికి పోవద్దు. వాళ్ళ లాప్‌టాప్‌లో వైఫై వస్తోందా, సౌండ్ వస్తోందా, టచ్‌ప్యాడ్ కదులుతోందా చూసి ఒక కాగితం మీద రాసివ్వండి. వెయ్యడం ఇంకో రోజు, బ్యాకప్ తీసుకుని వచ్చాక. బూట్ మెనూ (కంప్యూటర్ దేన్నుంచి మొదలవ్వాలో ఎంచుకునే పట్టిక) మీటలు ఒక అట్ట మీద రాసి పెట్టుకోండి. డెల్, లెనోవోలకు ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్‌కి ఎస్కేప్. సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న సిస్టమ్‌నే మొదలవ్వనిచ్చే భద్రత) సెట్టింగ్ మార్చారంటే కొన్నిట్లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది చాలామంది దగ్గర ఉండదు. కాబట్టి ఆ సెట్టింగ్ ముట్టుకోకండి. వెంటాయ్ అనే సాధనంతో ఒకే పెన్‌డ్రైవ్‌లో నాలుగైదు రకాల లినక్స్‌లు పెట్టుకోవచ్చు కానీ, సెక్యూర్ బూట్ ఉన్న మిషన్‌లో మొదటిసారి నీలం తెర వచ్చి కీ నమోదు చెయ్యమంటుంది. జనం అది చూసి బెదిరిపోతారు. మింట్ ఒక్కటే రాసిన పెన్‌డ్రైవ్ వేరే ఉంచండి, అది నేరుగా లేస్తుంది.

ఇక పోస్టర్ సంగతి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిన మాట నిజమే. కానీ ఇళ్ళలో వాడేవాళ్ళు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఆ మాట కూడా మనమే చెప్పాలి. భయపడి మారినవాడు మొదటి ఇబ్బందికే వెనక్కి పోతాడు, పోతూ పదిమందికి చెడుగా చెబుతాడు.

ఇంకొకటండి. "ఇవి పనిచేయవు" అని ఒక చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఖాతా లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ నేరుగా నడవదు. డిజిటల్ సంతకానికి గుచ్చే కొన్ని యూఎస్‌బీ డాంగిల్స్ ఇబ్బంది పెడతాయి. మన జిరాక్స్ షాపుల్లో కనిపించే పాత లేజర్ ప్రింటర్లలో కొన్నిటికి డ్రైవర్ ఎక్కించడం పెద్ద తలనొప్పి. ముందే చెబితే మిగతా మాటలు నమ్ముతారు.

థర్డియర్ సీఎస్ఈ
23 అక్టోబర్ 2025

అర్థమైంది అన్నా. టెక్ ఫెస్ట్‌లో అందరూ మా వాళ్ళే, డేటా పోయినా ఎవరూ పట్టించుకోలేదు. ఇక్కడ అలా కాదు. మీటల అట్ట, "పనిచేయవు" చార్టు నేనే రాసి తెస్తాను.

డీటీపీ మామయ్య
25 అక్టోబర్ 2025

విజయవాడలో పాతికేళ్ళుగా అక్షరాలు కొడుతున్నాను. కరపత్రం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

అమ్మా, మీరు కంప్యూటర్లో యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షర పద్ధతిలో) చక్కగా టైపు చేసి డీటీపీ షాపుకి ఇస్తారు. అక్కడ మావాడు దాన్ని పేజీలు కూర్చే పేజ్‌మేకర్లోకి తీసుకోవడానికి పాత పద్ధతి అను ఫాంట్లలోకి మారుస్తాడు. ఆ మార్పులో కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి, కొన్ని పొల్లులు ఎక్కడో అతుక్కుంటాయి. మీరు ప్రూఫ్ చూడకపోతే అలాగే అచ్చవుతుంది. తెలుగు కంప్యూటర్లో బాగా వస్తుందని చెప్పే కాగితం మీదే తెలుగు విరిగి కనిపిస్తే ఎంత బాధ! అందుకని లిబ్రాఫీస్ అనే ఓపెన్ సోర్స్ ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లోనే పేజీ తయారుచేసి, పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, "ఏమీ మార్చకుండా ఇలాగే ప్రింట్ తియ్యండి" అని చెప్పండి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉంటుంది.

శీర్షికకి రామభద్ర, లోపలి మాటలకి మండలి వాడండి. రెండూ ఓపెన్ లైసెన్సు ఫాంట్లే, ఎన్ని కాపీలైనా అచ్చేసుకోవచ్చు. ఆ సంగతి కరపత్రం అడుగున ఒక వరుస రాయండి. వాడిన ఫాంటు కూడా మీరు చెప్పేదాంట్లో భాగమే కదా. ఫ్లెక్సీ వేయించేటప్పుడు రెండు మాటలు దగ్గరుండి చూసుకోండి. ఒకటి "స్వేచ్ఛ", చ కింద ఛ ఒత్తు సరిగా పడిందా అని. రెండు "సాఫ్ట్‌వేర్". మధ్యలో కనపడని అక్షరం ఒకటి ఉంటుంది, అది పోతే వ కూడా ఒత్తుగా మారి "సాఫ్ట్వేర్" అయిపోతుంది.

అన్నట్టు, మా ఊరి డీటీపీ ఆపరేటర్లు కూడా మీ బల్ల దగ్గరికి రావాలి. మేమంతా యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్ (అక్షరాల అమరిక) మీద వేళ్ళు అలవాటైనవాళ్ళం. యూనికోడ్ అంటే కొత్త లేఅవుట్ నేర్చుకోవాలని భయం. లినక్స్‌లో ఎం17ఎన్ అనే టైపింగ్ సాధనం వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌లతోబాటు యాపిల్ లేఅవుట్ కూడా ఉంటుంది. అదే వేళ్ళతో యూనికోడ్ వస్తుంది. ఈ సంగతి నాకు యాభై రెండేళ్ళ వయసులో తెలిసింది. పదేళ్ళ ముందు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బావుండేదో.

ఓరుగల్లు టీచర్
26 అక్టోబర్ 2025

నేను సర్కారు హైస్కూల్లో గణితం చెప్తాను. మా బడిలో సైన్స్ ఫెయిర్ అప్పుడు ఒక మూలకు రెండు కంప్యూటర్లతో ఇట్లాంటిదే పెట్టినం.

పిల్లల కోసం జీకాంప్రిస్ అనే చదువు ఆటలు, బొమ్మలు గీసే టక్స్ పెయింట్ పెట్టండి. చిన్న స్టూలు వేయండి, మౌస్ వాళ్ళ చేతికి అందాలె. పిల్ల కూర్చుంటే పది నిమిషాల దాకా లేవదు. వెనుక తల్లి నిలబడి ఉంటది. ఆ పది నిమిషాలే మీకు తల్లితో మాట్లాడే సమయం. మా దగ్గర అట్ల మాట్లాడిన తల్లుల్లో ఒకామె స్వయం సహాయక సంఘం లెక్కలు రాస్తది. లిబ్రాఫీస్ క్యాల్క్‌లో అప్పుల పట్టిక చేసి చూపిస్తే, మర్నాడు తన నోటుబుక్కు పట్టుకొని వచ్చింది.

ఇంకో మాట. "ఉచితం" అని రాయకండి. ఇంగ్లీషులో "ఫ్రీ" అనే ఒకే పదానికి రెండర్థాలు ఉన్నయి కాబట్టి వాళ్ళు తిప్పలు పడుతున్నరు. మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. రెండు మాటలు ఉండంగ మనం ఎందుకు కలపాలె? మా ఎనిమిదో తరగతి పిల్లగాడు ఒకడు "టీచర్, ఇది పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుంటే దొంగతనం కాదా?" అని అడిగిండు. కాదు బిడ్డా, ఇది నకలు తీసి ఇంకొకరికి ఇవ్వొచ్చు, ఎట్ల తయారైందో విప్పి చూడొచ్చు, నీకు తగ్గట్టు మార్చుకోవచ్చు, అనుమతి ముందే రాసిచ్చిన్రు అని చెప్పిన. వాని ముఖం వెలిగిపోయింది. కాపీ చేసుడంటే తప్పు పనే అనుకుంట పెరిగిన పిల్లలు వీళ్ళు.

మంచులో మామిడి
27 అక్టోబర్ 2025

నమస్తే. నేను జర్మనీలో ఉంటాను. బ్రసెల్స్‌లో ఏటా ఫిబ్రవరి మొదట్లో యూనివర్సిటీ ప్రాంగణంలో జరిగే ఫాస్డెమ్ అనే ఓపెన్ సోర్స్ సమావేశంలో ఒక ప్రాజెక్టు స్టాండులో వాలంటీరుగా నిలబడ్డాను. ప్రవేశం ఉచితం, పేరు నమోదు కూడా అక్కర్లేదు, వేలమంది వస్తారు.

కానీ అక్కడి పద్ధతి మీరు తీసుకోవద్దనే చెబుతాను. అక్కడికి వచ్చేవాళ్ళకి సంగతి ముందే తెలుసు. స్టిక్కరు తీసుకుంటారు, ఒక బగ్ (సాఫ్ట్‌వేర్ లోపం) గురించి మాట్లాడి వెళ్తారు. మీ దగ్గరికి వచ్చే మనిషికి అసలు ఆపరేటింగ్ సిస్టమ్ అనే మాటే కొత్త కావచ్చు. స్టిక్కర్లకు డబ్బు పెట్టకండి, ఆ డబ్బుతో రెండు మంచి పెన్‌డ్రైవ్‌లు, ఒక పొడవాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనండి.

అక్కడ నేర్చుకున్నవాటిలో రెండు మాత్రం మీకు పనికొస్తాయి. ఒకే మనిషి రోజంతా నిలబడకూడదు, రెండు గంటలకొకసారి మారాలి. మూడో గంటకి గొంతు పోతుంది, ఓపికా పోతుంది. అప్పుడు వచ్చిన మనిషికి సగం మనసుతో జవాబు చెబుతాం, ఆ మనిషి చేసిన తప్పేమీ లేకుండానే. రెండోది, ఎంతమంది వచ్చారని లెక్క పెట్టకుండా ఏమేం అడిగారో నోటుబుక్కులో రాయండి. జవాబు తెలియకపోతే వాళ్ళ ఎదుటే ఆ ప్రశ్న రాసుకోండి.

గ్రంథాలయం మెట్లు
29 అక్టోబర్ 2025

మీరందరూ ఇంత వివరంగా రాస్తారని నేను అనుకోలేదు. ప్రింట్ తీసి మా వాలంటీర్లకి ఇచ్చాను. ఇంకొక్క ప్రశ్న. వారోత్సవాలు ఏడు రోజులే. నచ్చినవాళ్ళు ఎనిమిదో రోజు ఎక్కడికి వెళ్ళాలి? ఇంటికెళ్ళాక ఏదో ఆగిపోతే ఎవర్ని అడగాలి? అది తేల్చకుండా బల్ల పెట్టడం నాకు సబబుగా అనిపించడం లేదు.

తెవికీ బాటసారి
29 అక్టోబర్ 2025

మేము పోగొట్టుకున్నది అక్కడేనండీ. రెండేళ్ళూ జనం వచ్చారు, నేర్చుకున్నారు, వెళ్ళిపోయారు. మళ్ళీ కలిసే చోటు మాకు లేదు. మీకు చోటు ఉంది. గ్రంథాలయం ఏడాదంతా తెరిచే ఉంటుంది. నెలకి ఒక ఆదివారం పొద్దున రెండు గంటలు పెట్టుకోండి, ఆ తేదీ కరపత్రంలోనే అచ్చేయించండి.

కోనసీమ కొబ్బరాకు
2 నవంబర్ 2025

మొంథా తుపాను దెబ్బకి మాకు నాలుగు రోజులు కరెంటు లేదండి, అందుకే ఆలస్యం. బాటసారి గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరి. ఆ ఆదివారం నేను వీడియో కాల్‌లో ఉంటాను. ఒక్క మాట, 16వ తేదీ కార్తీక ఆదివారం. వనభోజనాలకి వెళ్తామని వాలంటీర్లు ఎగ్గొడతారు, ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

గ్రంథాలయం మెట్లు
21 నవంబర్ 2025

నిన్నటితో అయిపోయింది. నోటుబుక్కు ముందు పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి రోజు బాలల దినోత్సవం కదా, అంతా పిల్లలే. టక్స్ పెయింట్ దగ్గర వరస కట్టారు. టీచర్ గారు చెప్పినట్టే తల్లులు వెనక నిలబడ్డారు. రెండో రోజు పదకొండింటికి కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచింది కానీ వైఫై పోయింది, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాం. కొత్త ఐపీ కాబట్టి ఖాతాలకి మళ్ళీ ఆరు పరిమితే వచ్చింది. బాటసారి గారు ముందే చెప్పి ఉండబట్టి కంగారు పడలేదు, మిగిలినవాళ్ళని సాయంత్రం రమ్మన్నాం.

ఎక్కువమంది అడిగినవి ఇవి: వాట్సాప్ వస్తుందా, రైలు టికెట్టు బుక్కవుతుందా, మా ప్రింటరు పనిచేస్తుందా, వైరస్ వస్తుందా, డబ్బులు ఎప్పుడు కట్టాలి. చివరి ప్రశ్న పదిమందికి పైగా అడిగారు. మొదటి నెల ఉచితమని తర్వాత కోసేసుకునే యాప్‌లు చూసి చూసి వాళ్ళకి ఆ అనుమానం వచ్చింది. "ఎప్పుడూ కట్టక్కర్లేదు" అంటే నమ్మలేదు. లైసెన్సులో ఏముందో తెలుగులో అర పేజీకి కుదించి గోడకి అతికించాక, అది చదివి తలాడించారు.

ట్యాలీ కావాలని ఒకామె వచ్చారు, నడవదని చార్టు చూపించాం. "సరే, నిజం చెప్పారు" అని వెళ్ళి, మర్నాడు వాళ్ళమ్మాయి చదువుకునే లాప్‌టాప్ తెచ్చారు. అందులో అన్నీ పనిచేశాయి. కాలేజీ బాబు చాలా ఓపిగ్గా చూపించాడు.

16వ తేదీ నిజంగానే ఇద్దరు వాలంటీర్లూ వనభోజనాలకి వెళ్ళారు. నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ రోజు మా పెద్దాయన, అదే వ్యాసాలు టైపు చేసేవారు, "నేను నిలబడతానమ్మా" అని వచ్చారు. మధ్యాహ్నం దాకా ఉన్నారు. తన వయసువాళ్ళు వస్తే వాళ్ళ పేరు వాళ్ళచేతే తెలుగులో కొట్టించారు. ఒకాయన తన పేరు తెరమీద చూసి, ఇంటిపేరు కూడా చేర్చి, ప్రింటు తీసివ్వమని అడిగి జేబులో పెట్టుకున్నారు. నేను ఏడు రోజులు చెప్పిన మాటలన్నిటికంటే ఆ పూట ఆయన చేసిందే ఎక్కువ పనిచేసింది.

సరిగ్గా జరగనివి కూడా చెప్పాలి. రెండు లాప్‌టాప్‌లు బయాస్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగ్‌ల) పాస్‌వర్డ్ అడిగాయి, యజమానులకి తెలియదు, ఏమీ చెయ్యలేకపోయాం. ఒకదానిలో వైఫై కనపడలేదు. ఆడపిల్లలు దూరం నుంచి చూసి వెళ్ళిపోయారు, మా వాలంటీర్లు ఇద్దరూ మగపిల్లలు కావడం వల్లేనని నాకు నాలుగో రోజుకి గానీ తోచలేదు. ఐదో రోజు మా ఇంటర్ చదివే పాఠకురాలిని బల్ల దగ్గర నిలబెట్టాను, అప్పట్నుంచి వచ్చారు. ఇది మొదటి రోజే చెయ్యాల్సింది.

డీటీపీ మామయ్య
21 నవంబర్ 2025

కరపత్రం ఫొటో చూశానమ్మా. "స్వేచ్ఛ" చక్కగా పడింది. డీటీపీవాళ్ళు ఎవరైనా వచ్చారా?

గ్రంథాలయం మెట్లు
22 నవంబర్ 2025

ఒకాయన వచ్చారండీ. యాపిల్ లేఅవుట్ పెట్టి ఇస్తే చూడకుండా ఒక పేజీ కొట్టేశారు. ఇన్నేళ్ళుగా అనులో కొట్టిన ఫైళ్ళన్నీ యూనికోడ్‌లోకి ఎలా మార్చాలని అడిగారు. నాకు తెలియదు, ఆయన ఎదుటే నోటుబుక్కులో రాసుకున్నాను. దానికి మీరే రావాలి.

మొదటి ఆదివారం కూడిక డిసెంబర్ 7, పొద్దున తొమ్మిదింటికి. లాప్‌టాప్ తెస్తామని తొమ్మిదిమంది పేర్లిచ్చారు, అందరికీ బ్యాకప్ తీసుకురమ్మని ఫోన్ చేసి చెప్పాను. కోనసీమ గారూ, వైఫై కనపడని ఆ లాప్‌టాప్ మోడల్ వివరాలు మీకు సందేశంలో పంపాను, ఆలోగా ఒకసారి చూడండి.

కోనసీమ కొబ్బరాకు
22 నవంబర్ 2025

చూశానమ్మా. ఆ చిప్‌కి డ్రైవర్ ఉంది, కానీ ఎక్కించడానికి ఒక్కసారి నెట్ కావాలి. యూఎస్‌బీ కేబుల్‌తో ఫోన్ కలిపి, ఫోన్ నెట్ కంప్యూటర్‌కి వచ్చేలా టెథరింగ్ పెడితే చాలు. కేబుల్ మాత్రం డేటా వెళ్ళేదై ఉండాలి, చార్జింగుకే పనికొచ్చేది కాదు. తమ్ముడిని ఒకటి తెమ్మనండి.

థర్డియర్ సీఎస్ఈ
22 నవంబర్ 2025

తెస్తాను అన్నా. ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా మాదే తెస్తాను, లైబ్రరీది మూడు ప్లగ్గులదే. ఈసారి మా క్లాసు నుంచి ఇద్దరు అమ్మాయిలు కూడా వస్తామన్నారు మేడమ్.